మన జిల్లా రేడియోలో సొంత వార్తలు ఎప్పుడైనా ఉండేవా?

ధర్మవరం కుర్రాడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. జర్నలిజం రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకి అనంతపురం ఆకాశవాణి, అంటే 101.7 ఎఫ్‌ఎం, చరిత్ర తీసుకున్నాను. మొదట్లోనే ఒక చిక్కు వచ్చి పడింది.

మా అవ్వ ఇప్పటికీ పొద్దున లేస్తూనే రేడియో పెడుతుంది. ఆమెను అడిగితే "జిల్లాలో ఏం జరిగినా రేడియోలో చెప్పేవాళ్లు, పేపరు చదవడం రాకపోయినా మాకన్నీ తెలిసేవి" అంటుంది. మా గైడ్ సారేమో "స్థానిక కేంద్రాలకు వార్తా విభాగమే లేదు, అక్కడ జిల్లా వార్తలెక్కడివి?" అంటారు. ఇద్దరివీ ఒకేసారి నిజం కావడం ఎలా? ఆ కేంద్రంలో పనిచేసినవాళ్లు, ఆ రోజుల్లో బాగా విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ప్రైవేటు ఎఫ్‌ఎంలు కూడా వార్తలు ఎందుకు చెప్పవో తెలిస్తే అదీ రాయండి. పాత ప్రసారాల రికార్డులు ఎక్కడ దొరుకుతాయో కూడా.

మీడియం వేవ్ అభిమాని జవాబు:

తేదీలు, చట్టాల సంగతి నేను చెప్తాను. లోపలి సంగతి ఇక్కడ ఒక మేడమ్‌కి బాగా తెలుసు, ఆమె చూస్తే రాస్తారు.

మొదట ఇక్కడివాళ్లకి మద్రాసే దిక్కు. అక్కడ ఆకాశవాణి 1938లో మొదలైంది. హైదరాబాదులో నిజాం కాలపు డెక్కన్ రేడియో వేరే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. రాయలసీమకంటూ ఒక కేంద్రం రావడానికి 1963 దాకా ఆగాల్సి వచ్చింది, అది కడప. ఇవన్నీ మీడియం వేవ్ కేంద్రాలు. ఒక్కో ట్రాన్స్‌మిటరు మూడు నాలుగు జిల్లాలకు వినబడాలి, కాబట్టి కార్యక్రమాలు కూడా మూడు నాలుగు జిల్లాలకు సరిపోయేట్టే ఉండేవి.

ఒక జిల్లాకి ఒక రేడియో అనే ఆలోచన 1984లో నాగర్‌కోయిల్‌లో మొదలైంది. దాన్నే 'స్థానిక రేడియో' అన్నారు. తెలుగు నేల మీద మొదటిది 1986లో ఆదిలాబాద్. ఆ తర్వాత కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, 1991లో అనంతపురం, ఇంకా తిరుపతి, కర్నూలు, మార్కాపురం వరసగా వచ్చాయి. ఎఫ్‌ఎం తరంగం టవరు చూపు ఆనినంత మేరే పోతుంది. కొండ అడ్డొస్తే అంతే. ఆ హద్దే ఈ కేంద్రాలకు కలిసొచ్చింది. పక్క జిల్లావాళ్లు వినరు కాబట్టి మన ఊరి పేర్లు మొహమాటం లేకుండా చెప్పుకోవచ్చు.

వార్తల విషయంలో మీ సార్ మాట కాగితం మీద నిజమే. ఆకాశవాణిలో బులెటిన్ తయారుచేసే అధికారం వార్తా విభాగానిది. ఢిల్లీ, ఆపైన హైదరాబాదు, విజయవాడల్లోని ప్రాంతీయ వార్తా విభాగాలు. జిల్లాల్లో పార్ట్‌టైమ్ విలేకరులు ఉండేవారు గానీ వాళ్లు పంపే వార్త ఆ విభాగాలకే పోయేది, పక్క వీధిలో ఉన్న స్థానిక కేంద్రానికి కాదు. స్థానిక కేంద్రం వాళ్ల బులెటిన్లను రిలే చేసేది.

ప్రైవేటు ఎఫ్‌ఎంల కథ వేరు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. 2001లో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం బెంగళూరులో వచ్చింది. కానీ వార్తలు చెప్పకూడదన్న నిబంధన మొదటి నుంచీ ఉంది. 2011 విధానంలో కాస్త సడలించి, ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా ప్రసారం చేసుకోవచ్చన్నారు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ సమాచారం, కరెంటు, నీళ్ల సరఫరా ప్రకటనలు, ఆటల పోటీలు, ఇవి వార్తల కిందికి రావని ఒక జాబితా ఇచ్చారు. అది ఒకసారి తీసి చదవండి. మీ అవ్వ మాటకీ మీ సార్ మాటకీ మధ్య ఉన్న ఖాళీ అందులోనే కనబడుతుంది.

ఇంకొక్కటి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో హిందూపురం, ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు ఉన్నాయి. మీ ఊరు ఉందండీ. వార్తల నిబంధన మారకపోతే అక్కడ కూడా పాటలే వస్తాయి, నాకు అదే బాధ.

పాత అనౌన్సర్ జవాబు:

నాయనా, నేను ఆ కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. పగలు బడిలో పాఠాలు, డ్యూటీ పడిన రోజు సాయంత్రం స్టూడియో. నెలలో కొన్ని డ్యూటీలే ఇచ్చేవారు, వాటి కోసం మిగతా నెలంతా ఎదురుచూసేదాన్ని. మీ అవ్వ చెప్పిందే నిజమని ముందుగానే రాసేస్తున్నాను.

పైన రాసినాయన చెప్పినట్టు బులెటిన్ మాది కాదు. టైముకి మా కార్యక్రమం ముగించి, ఫేడర్ (శబ్దం తగ్గించే మీట) దించి, వార్తా విభాగం నుంచి వచ్చే లైన్ తీసుకోవడం వరకే మా పని. ఆ పది నిమిషాల్లో అనంతపురం పేరు వినబడితే స్టూడియోలో అందరం తలెత్తి వినేవాళ్లం. కరువు పరిశీలన బృందం వచ్చిందనో, మంత్రిగారి పర్యటన అనో వచ్చేది. జిల్లా అంతకు మించి అక్కడిదాకా చేరేది కాదు.

ఆ బులెటిన్లు పోను మిగతా ప్రసారమంతా మాదే కదా. అందులో ఏముండేదో చెప్తా.

జూన్ వచ్చిందంటే వాన లెక్క. అప్పుడు మన జిల్లాకి 63 మండలాలు. కలెక్టరాఫీసు నుంచి వర్షపాతం వివరాలు ఫోన్లో వచ్చేవి, డ్యూటీ రూంలో ఎవరో ఒకరు గబగబా రాసుకునేవారు. అది నా చేతికి వచ్చేది. కంబదూరు, శెట్టూరు, బెళుగుప్ప, కుందుర్పి, గుమ్మఘట్ట... ఒక్కో పేరు, పక్కన మిల్లీమీటర్లు. కొత్తలో ఇది ఎవరు వింటారులే అని వేగంగా చదివేస్తుంటే, సీనియర్ అనౌన్సర్ ఒకాయన నన్ను పక్కకి పిలిచి "అమ్మా, పాటను మధ్యలో ఆపినా ఎవరూ ఏమనరు, దీన్ని మాత్రం నిదానంగా చదువు" అన్నారు.

ఎందుకో ఊళ్లు తిరిగాక తెలిసింది. తన చేలో వాన పడిందో లేదో రైతుకి రేడియో చెప్పక్కరలేదు. పక్క మండలం సంగతి కావాలి. కూతుర్ని ఇచ్చిన ఊళ్లో పదునైందా? గుత్తకు తీసుకున్న చేను ఇరవై మైళ్ల అవతల ఉంది, అక్కడికి గొర్రు కట్టుకుని పోవచ్చా? కూలీలు ఎటు పోతారు? గొర్రెలోళ్లయితే మంద ఎటు తోలాలో ఆ లెక్క విని నిర్ణయించుకునేవాళ్లు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మనది. అందులో ఒక పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కడ పడ్డాయన్నది ఢిల్లీకి వార్త కాకపోవచ్చు. మనకు దానికన్నా పెద్ద వార్త ఇంకేముంది?

తర్వాత ధరలు. యార్డులో శెనక్కాయ క్వింటాలు కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత. ఊరికి వచ్చి కొనే వ్యాపారి తన ధర తను చెప్తాడు. రేడియోలో వేరే ధర విన్న మనిషి కాసేపు బేరమాడగలడు. బేరం కుదిరిందా లేదా అన్నది వేరే మాట, అప్పు ఉన్నవాడు ఆ వ్యాపారికే అమ్మాలి. కానీ మోసం ఎంతో తెలిసి అమ్మడం వేరు, తెలియక అమ్మడం వేరు.

2000 సంవత్సరం ఖరీఫ్ గురించి నువ్వు తప్పకుండా రాయాలి. ఆ ఏడాది శెనక్కాయకి కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చింది. జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. పచ్చగా ఉన్న చేను కళ్లముందే ఎండిపోతుంటే ఏం తెగులో ఎవరికీ అంతుపట్టలేదు. కనబడిన మందల్లా కొట్టారు జనం. రేకులకుంట పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు మా రైతుల కార్యక్రమానికి వచ్చేవారు. ఇది వైరస్, దీన్ని తామర పురుగులు మోస్తాయి, గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడి మీద ఆ వైరస్ ఉంటుంది, పూతకు రాకముందే ఆ కలుపు పీకేయండి అనేవి రేడియోలో ఎన్ని విధాలుగా చెప్పామో! చర్చగా చెప్పాం, ప్రశ్నలు జవాబులుగా చెప్పాం, పాటకీ పాటకీ మధ్య రెండు ముక్కలుగా చెప్పాం. దాన్ని మేం వార్త అనలేదు, షెడ్యూలు కాగితం మీద అది 'వ్యవసాయదారుల కార్యక్రమం'. విన్న రైతు దాన్ని ఏ పేరుతో గుర్తుపెట్టుకుంటాడు? మీ అవ్వను అడుగు, చెప్తుంది.

ఫోన్-ఇన్ మొదలయ్యాక ఇంకా మారింది. ఎస్టీడీ బూత్, అంటే డబ్బు కట్టి ఫోన్ చేసుకునే కొట్టు, నుంచి ఫోన్ చేసేవాళ్లు. మీటరు తిరుగుతుంటే ఆ కంగారు గొంతులోనే తెలిసేది. డాక్టరుగారు కూర్చున్న రోజు కీళ్ల నొప్పులు, పళ్ల మీద గారలు, నడుం వంగిపోవడం గురించి అడిగేవాళ్లు. ఒక ఊరి నుంచి ఒకరు, రెండు వారాల తర్వాత అదే వైపు నుంచి ఇంకొకరు. అది ఆరోగ్య కార్యక్రమం, నిజమే. వింటున్న వాళ్లకి మాత్రం ఏయే ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉందో తెలిసిపోతుండేది. ఆ తర్వాత నీటి సరఫరా ఇంజినీరుగారిని పిలిచి కూర్చోబెడితే మళ్లీ అవే ఊళ్ల నుంచి ఫోన్లు. ఇంతకంటే మంచి వార్తా కార్యక్రమం నేనెక్కడా వినలేదు, గట్టిగానే చెప్తున్నాను.

హద్దులు ఉండేవి. ఆకాశవాణి కోడ్ అని ఒకటి ఉంది. పార్టీ పేరు పెట్టి విమర్శించకూడదు, ప్రభుత్వాల మీద దూషణ చేయకూడదు, మతాల జోలికి పోకూడదు, కోర్టులను కించపరచకూడదు. కంపెనీ పేరు వస్తే ప్రచారం కింద లెక్క. అందుకని ఫోను ముందు పక్క గదిలో తీసుకుని, పేరు, ఊరు, ప్రశ్న కనుక్కుని, అప్పుడు స్టూడియోలోకి కలిపేవారు. ప్రసంగానికి వచ్చేవాళ్లు స్క్రిప్టు ముందే ఇవ్వాలి. చదివి, అవసరమైతే గీత పెట్టి, ఆ తర్వాతే రికార్డింగు. నాకు ఆ గీతలన్నీ నచ్చాయని అనను. ఒక బడిలో పిల్లలకు కూర్చునే చోటు లేదని ప్రసంగంలో రాస్తే, ఆ బడి పేరు తీసేసి 'కొన్ని పాఠశాలల్లో' అని చదవాల్సి వచ్చేది. పేరు తీసేస్తే ఎవరికి పట్టింది? ఊరి పేరే స్థానిక రేడియోకి ప్రాణం. అక్కడ ఆ పేరే పోయింది. మీ సార్ చెప్పేదాంట్లో నిజం ఉన్నది ఇక్కడే. మేం జరిగింది చెప్పగలిగాం, ఎందుకు జరిగిందో, ఎవరు జవాబుదారో చెప్పలేకపోయాం.

జహీరాబాద్ వైపు జవాబు:

మేడమ్ రాసింది చదివి ఆగలేక రాస్తున్నా. ఊరి పేరు గురించి ఆమె చెప్పిన మాటకు మా దగ్గర ఇంకో రకం ఉదాహరణ ఉంది తమ్మీ, నీ ప్రాజెక్టుల పెట్టుకో.

మా ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌ల సంగం రేడియో ఉన్నది, 90.4. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు నడుపుతరు. 1998లనే యునెస్కో సాయంతోటి స్టూడియో తయారైంది, లైసెన్సు మాత్రం రాలె. పదేండ్లు ఊకోలేదు వాళ్లు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకపోయి సంఘం మీటింగులల్ల వినిపించేవాళ్లు. 2006 నవంబరుల స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో ఇయ్యొచ్చని కేంద్రం విధానం మార్చినంక, 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. కాలేజీల రేడియోలు పక్కన పెడితే దేశంల అట్లాంటిది అదే మొదటిది. ప్రారంభానికి వచ్చింది ఎవరనుకుంటున్నవ్? పైన చెప్పిన 1995 తీర్పుల ఉన్న జస్టిస్ పి.బి. సావంత్. ఆయన రాసిన తీర్పు పదమూడేండ్లకు మా చేన్ల దాకా వచ్చిందన్నట్టు.

వాళ్లకు కూడా సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. అయినా ఏ ఊళ్ల ఎవరు జొన్న విత్తనం దాచిన్రు, ఏ చెలకల కొర్ర ఎట్ల పండింది, ఎవరి తాన ఏ ఆకు మందు ఉన్నది, మనిషి పేరు, ఊరి పేరు పెట్టి, మా మాటల్నే చెప్తరు. ట్రాన్స్‌మిటరు చిన్నది, దూరం పోదు. అయితేనేం, చెప్పేటోళ్లూ వినేటోళ్లూ ఒక్కటే. స్క్రిప్టు మీద గీత పెట్టే సారు లేడక్కడ.

ధర్మవరం కుర్రాడు:

అందరికీ చాలా ధన్యవాదాలు. మేడమ్, 2000 నాటి ఆ తెగులు కార్యక్రమాలు, ఫోన్-ఇన్‌లు ఎక్కడైనా వినడానికి దొరుకుతాయా? అవి లేకుండా రాస్తే మా సార్ ఒప్పుకోరేమో.

పాత అనౌన్సర్:

వినడానికి దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు నాయనా. ఆ రోజుల్లో రేడియో అంటే పావు అంగుళం స్పూలు టేపు. టేపు ఖరీదైనది, ఎప్పుడూ కొరతే. ప్రసారం అయిపోయాక చెరిపి మళ్లీ వాడేవాళ్లు. ఏ ఊరి కేంద్రంలోనైనా అదే పద్ధతి. పెద్ద విద్వాంసుల కచేరీలు, పేరున్న రచయితల గొంతులు లైబ్రరీకి పోయేవి. శెనక్కాయ తెగులు మీద చర్చ, వర్షపాతం, ధరలు పోయేవి కావు. ఫోన్-ఇన్ లైవ్ కాబట్టి చాలాసార్లు రికార్డే ఉండదు. ఒక జిల్లా పదేళ్లపాటు తనతో తను మాట్లాడుకున్న మాటలు అలా గాలిలో కలిసిపోయాయి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాగితం మీద మిగిలినవి ఉండొచ్చు, వాటి వెంట పడు. డ్యూటీ రూంలో రోజూ లాగ్ బుక్ రాస్తారు. ఎన్ని గంటలకు ఏది ప్రసారమైంది, ఎక్కడ ఆగింది, ఏ ప్రకటన ఎన్నిసార్లు చదివాం అన్నీ అందులో రాయాల్సిందే. అనౌన్సర్ చేతిలో క్యూ షీట్, అంటే ఏది ఎప్పుడు వెళ్లాలో రాసిన కాగితం, ఉంటుంది. ప్రసంగాలకు స్క్రిప్టు ఫైళ్లు ఉంటాయి. గీత కొట్టిన స్క్రిప్టు దొరికితే దాన్ని వదలొద్దు. ఆ గీత కింద ఏముందో చదివితే మా హద్దులేమిటో మీ సార్‌కి నువ్వు చెప్పక్కరలేదు. అన్నీ భద్రంగా ఉంటాయన్న భరోసా నేను ఇవ్వలేను. కేంద్రం అధికారికి కాలేజీ నుంచి ఉత్తరం పట్టుకుని వెళ్లు. ముందు ప్రోగ్రామ్ విభాగంలో అడుగు, తర్వాత ఇంజినీరింగ్ విభాగంలో కూడా అడుగు. వాళ్ల లాగ్ బుక్ వేరే.

రెండోది, శ్రోతలు. అప్పట్లో పోస్టుకార్డులు సంచుల కొద్దీ వచ్చేవి. వాటిలో పాట అడిగేవాళ్లే ఎక్కువ గానీ, "మా మండలం వాన లెక్క నిన్న చదవలేదు" అని రాసినవాళ్లూ ఉండేవాళ్లు. శ్రోతల సంఘాలవాళ్లు కొందరు మేం రాసిన జవాబులు దాచుకున్నారు. టేప్‌రికార్డరు ఉన్న ఇళ్లలో పాటల కోసం రేడియో రికార్డు చేసుకునేవారు, పాట మొదలయ్యేలోపు మా మాట కొంత పడేది. అటువంటి క్యాసెట్లు కదిరి, ఉరవకొండ, రాయదుర్గం వైపు ఇళ్లలో అటకల మీద ఉంటాయి. క్యాసెట్ మీద ఏ సినిమా పేరు రాసున్నా సరే, మొత్తం విను.

మూడోది, పేపర్లు. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మా కేంద్రం 1991లో వచ్చింది. ఆ రెండూ దాదాపు ఒకేసారి జిల్లాలోకి వచ్చాయి. లైబ్రరీలో 2000 ఆగస్టు, సెప్టెంబరు సంచికలు తీసి తెగులు గురించి ఏ రోజు ఏం రాశారో చూడు. దాన్ని లాగ్ బుక్ పక్కన పెట్టు. పేపరు నష్టం ఎంతో చెప్పి ఉంటుంది, మేం కలుపు పీకమని చెప్పాం. ఎవరు ముందు చెప్పారో కూడా తేలుతుంది. నాకూ తెలుసుకోవాలని ఉంది.

అన్నిటికంటే ముందు మీ అవ్వ దగ్గర కూర్చుని రికార్డు చేసుకో. "ఏం విన్నావు" అని అడిగితే పాటల పేర్లు చెప్తుంది. "విని ఏం చేశావు" అని అడుగు. వచ్చేవారం నేను అనంతపురంలోనే ఉంటాను, ప్రశ్నలు రాసి ఇక్కడే పెట్టు, ఒక్కోదానికీ జవాబు రాస్తాను.